గుర్రాలను ఎవరూ దాచిపెట్టలేదు

కార్ల పిచ్చి ఉన్న కుర్రాళ్ళు నలుగురు ఒకచోట చేరి, అందులో ఒకరి దగ్గర స్కోడా ఆక్టేవియా వీఆర్ఎస్ ఉంటే, మాట టర్బో దగ్గరికి రావడానికి ఎంతోసేపు పట్టదు. "కంపెనీ పెట్టింది చిన్న టర్బోరా. ఇంజిన్‌లో ఇంకా చాలా దమ్ముంది, కావాలనే తొక్కిపెట్టారు. పెద్ద టర్బో కిట్ వేయించు, నాలుగొందల హార్స్‌పవర్ ఎలా ఉంటుందో చూద్దువుగాని." హైదరాబాద్ గ్యారేజీల్లో ఈ మాట వినిపిస్తుంది. డాలస్‌లో సుబారు డబ్ల్యూఆర్ఎక్స్ ఎస్‌టీఐ కొనుక్కున్న మన కుర్రాడి నోటా ఇదే వినిపిస్తుంది. ఎదురు చెప్పేవాళ్ళు లేక అది వేదవాక్కు అయి కూర్చుంది. నేను ఎదురు చెప్పదలచుకున్నాను. ఆ మాట మొదట్లోనే తప్పు. స్పోర్ట్స్ సెడాన్‌కి భారీ టర్బో బిగించడం వల్ల ఆ కారు మెరుగుపడదు. ఏ గుణం చూసి దాన్ని కొన్నామో ఆ గుణమే పోతుంది.

2017లో మన దేశానికి వచ్చిన వీఆర్ఎస్ 230నే తీసుకోండి. 1,984 సీసీ ఇంజిన్, 230 పీఎస్. అందరూ ఈ 230 అనే అంకెను పట్టుకుని వేలాడతారు. కంపెనీ వివరాల కాగితంలో నిజంగా చదవాల్సింది దాని కింది వరుస. 350 న్యూటన్ మీటర్ల టార్క్, అదీ 1,500 ఆర్‌పీఎం నుంచి 4,600 దాకా. అంటే సిగ్నల్ దాటి మూడో గేరులో నింపాదిగా వెళ్తున్నప్పుడు కూడా ఇంజిన్ బలమంతా కాలి కింద సిద్ధంగా ఉంటుంది. మనవాళ్ళు 'పికప్' అని మెచ్చుకునేది దీన్నే. ఈ పికప్ ఊరికే రాలేదు. టర్బో ఎంత ఉండాలో లెక్కగట్టి, అంతే ఉంచితే వచ్చింది. పెద్ద టర్బో మొట్టమొదట తినేసేది దీన్నే.

ఎందుకు తింటుందో చెబుతాను, ఇందులో మర్మమేమీ లేదు. ఇంజిన్ నుంచి వెలువడే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకి రెండో కొసన ఉన్న చక్రం బయటి గాలిని లాగి, నొక్కి ఇంజిన్‌లోకి తోస్తుంది, ఆ ఒత్తిడే బూస్ట్. ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరగాలి. చక్రం ఎంత పెద్దదైతే దాన్ని కదిలించడానికి అంత శక్తి కావాలి. అది పరిమాణంతో పాటు సమంగా పెరగదు, విపరీతంగా పెరుగుతుంది. ఒకే ఆకారం, ఒకే లోహం అయితే తిరగడానికి చక్రం చూపించే మొండితనం దాని వ్యాసానికి ఐదో ఘాతంలో ఉంటుంది. వ్యాసం 20 శాతం పెంచారనుకోండి, మొండితనం దాదాపు రెండున్నర రెట్లవుతుంది. తిప్పాల్సిన పొగ మాత్రం అదే రెండు లీటర్ల ఇంజిన్ నుంచి రావాలి. కింది ఆర్‌పీఎంలో ఆ పొగ చాలదు. చాలినంత వచ్చేదాకా టర్బో లేని రెండు లీటర్ల ఇంజిన్ లాగానే నడుస్తుంది బండి. బాల్ బేరింగ్ టర్బో వేస్తే ఈ జాప్యం పోతుందంటారు. బేరింగ్ రాపిడిని తగ్గిస్తుంది, అది మంచిదే. చక్రం బరువునూ వ్యాసాన్నీ అదేం చేయగలదు?

ఈ తేడాని ఇంజిన్ బలం కొలిచే డైనో యంత్రం మీద ఎవరూ గమనించరు, అందుకే ఇంతమంది నమ్ముతున్నారు. అక్కడ ఏం జరుగుతుందో ఒకసారి దగ్గరగా చూడండి. కారుని రోలర్ల మీదికి ఎక్కిస్తారు, బెల్టులతో బిగిస్తారు, ముందు పెద్ద ఫ్యాన్ పెడతారు. నాలుగో గేరులో రెండు వేల ఆర్‌పీఎం దగ్గర పట్టుకుని యాక్సిలరేటర్ నేలకి ఆనించి ఆరున్నర వేల దాకా వదలరు. కొన్ని సెకన్లలో అయిపోతుంది. స్క్రీన్ మీద పవర్‌కొకటి, టార్క్‌కొకటి, రెండు గీతలు పడతాయి. అందరి ఫోన్లూ కుడి చివర శిఖరం మీదికి వెళ్తాయి, ఫొటో అక్కడిదే. ఎడమ పక్క రెండు వేలకీ నాలుగు వేలకీ మధ్య గీత ఎంత కిందికి జారిందో ఎవరూ చూడరు. కంపెనీ టర్బో ఉన్నప్పటి గీతని దాని మీద పెట్టి చూపించమని అడిగేవాళ్ళూ అరుదే. పైగా డైనో మీద కాలు ఒక్కసారి నొక్కితే చివరిదాకా తీయరు కాబట్టి టర్బో తిరగడానికి కావలసినంత వ్యవధి దొరుకుతుంది. రోడ్డు మీద ఆ వ్యవధి ఎవరిస్తారు?

శ్రీశైలం దారిలో ఈగలపెంట దాటాక డ్యామ్ వైపు దిగే మలుపులు తెలిసినవాళ్ళు, తిరుగు ప్రయాణంలో అవే మలుపులు ఎక్కేటప్పుడు కారు ఎలా ఉండాలో కూడా ఎరుగుదురు. రెండో గేరు, మలుపు మధ్యలో కాలు తీసి ఉంటుంది, ఇంజిన్ రెండు వేల పైచిలుకు దగ్గర ఉంటుంది. స్టీరింగ్ తిన్నగా అయ్యే వేళకి కాలు మెల్లగా నొక్కితే బండి ఎత్తుకోవాలి. వీఆర్ఎస్ ఎత్తుకుంటుంది, ఎంత నొక్కితే అంత. పెద్ద టర్బో వేసిన బండిలో పక్క సీట్లో కూర్చుని ఇవే మలుపులు ఎక్కాను. నొక్కితే ఏమీ రాదు. ఇంకా నొక్కుతాడు, ఇంకా రాదు. ఈలోపు మలుపు అయిపోతుంది. అప్పుడు, వచ్చే మలుపు కళ్ళ ముందు కనపడుతున్న సమయంలో బూస్ట్ మొత్తం ఒక్కపెట్టున వచ్చి పడుతుంది. ముందు చక్రాలు జారతాయి, స్టీరింగ్ చేతుల్లోంచి ఒక పక్కకి లాగేస్తుంది. డ్రైవర్ కాలు తీసేస్తాడు. మళ్ళీ మొదటికి. వీఆర్ఎస్‌ది ముందు చక్రాల డ్రైవ్ అని, స్టీరింగ్ తిప్పే చక్రాలే బలమంతా మోయాలని గుర్తుంచుకోండి. ఆ కారులో చక్రాల జారుడుని అదుపు చేసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఉంది, చాలా బాగా పనిచేస్తుంది, కానీ దానికీ టైర్ల పట్టుకీ హద్దులున్నాయి. ఇంతా చేసి ఆ డ్రైవర్ నడిపిన వేగం కంపెనీ బండి వేగం కంటే ఎక్కువేం కాదు. అలసట మాత్రం ఎక్కువ.

నిజానికి కార్ల కంపెనీలు ఈ పాఠం యాభై ఏళ్ళ కిందటే నేర్చుకున్నాయి. 1973లో బీఎండబ్ల్యూ 2002 టర్బో వచ్చింది. రెండు లీటర్ల ఇంజిన్‌లో 170 హార్స్‌పవర్, ఆ రోజుల్లో పెద్ద అంకె. కానీ కింది ఆర్‌పీఎంలో ఉలుకూ పలుకూ ఉండేది కాదు, పైకి వెళ్ళాక ఉన్నట్టుండి విరుచుకుపడేది. అదే సమయంలో చమురు సంక్షోభం వచ్చి 1,672 కార్లతో ఆ కథ ముగిసింది. నాలుగేళ్ళ తర్వాత 1977లో స్వీడన్ కంపెనీ సాబ్, 99 టర్బోని ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో పెట్టింది. దానికీ రెండు లీటర్ల ఇంజినే, పవర్ మాత్రం బీఎండబ్ల్యూ కంటే తక్కువ, 145. సాబ్ ఇంజినీర్ పేర్ యిల్‌బ్రాండ్ బృందం టర్బోని రేసు సరుకుగా చూడలేదు. మామూలు మనిషి మామూలు రోడ్డు మీద నడిపే ఆర్‌పీఎంలో టార్క్ ఇవ్వడానికి వాడింది. చిన్న టర్బో పెట్టి, బూస్ట్ మితి మీరకుండా వేస్ట్‌గేట్‌తో అదుపు చేసింది. ఇవాళ మన వీధిలో తిరిగే చిన్న టర్బో పెట్రోల్ కార్లన్నీ నడుస్తున్నది సాబ్ వేసిన దారిలోనే.

"అవి ఫ్యామిలీ కార్ల సంగతి, ర్యాలీ కార్లు చూడు" అంటారు. సంతోషం, చూద్దాం. ఎందుకంటే పెద్ద టర్బో భక్తులు గోడకి అంటించుకునే బొమ్మలన్నీ ర్యాలీ కార్లవే. టోమీ మాకినెన్ 1996 నుంచి 1999 దాకా వరుసగా నాలుగేళ్ళు ప్రపంచ ర్యాలీ చాంపియన్ అయ్యాడు, నాలుగుసార్లూ మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్‌తోనే. ఆ కార్లలో టర్బోకి వెళ్ళే గాలి 34 మిల్లీమీటర్ల కంత గుండానే వెళ్ళాలని నిబంధన. అందుకే ఆ రోజుల ర్యాలీ ఇంజిన్ల పవర్ 300 హార్స్‌పవర్ దగ్గర తచ్చాడేది. పవర్ పెంచే దారి మూసుకుపోయాక ప్రపంచంలో మేటి ఇంజినీర్లు దేని మీద పడ్డారు? కింది టార్క్ మీద, కాలు నొక్కగానే ఇంజిన్ పలకడం మీద. మంచులో, కంకరలో, రాళ్ళలో గెలిపించింది అదే. ఆ విజయాల గుర్తుగా మిత్సుబిషి 2000లో అమ్మకానికి తెచ్చిన మాకినెన్ ఎడిషన్ ఎవో 6 చూడండి. పవర్ పాతదే, 280 పీఎస్. టర్బోలో మాత్రం టైటానియం మిశ్రమంతో తేలికైన టర్బైన్ చక్రం పెట్టారు, కంప్రెసర్ చక్రాన్ని చిన్నది చేశారు. దాంతో గరిష్ఠ టార్క్ 3,000 ఆర్‌పీఎం నుంచి 2,750కి దిగింది. చాంపియన్ పేరు పెట్టిన కారుకి కంపెనీ ఇచ్చిన బహుమతి చురుకైన టర్బో. ఆ బొమ్మని గోడకి పెట్టుకున్నవాళ్ళు అదే రకం కారుకి దానికి తలకిందులైన పని చేస్తున్నారు.

ఇక "కంపెనీ తొక్కిపెట్టింది" అనే ఆరోపణ. ఇందులో అరపావు నిజముంది, అది ఒప్పుకోవాలి. వీఆర్ఎస్ ఇంజిన్‌ని ఉన్న టర్బోతోనే రీమ్యాప్ చేస్తే, అంటే సాఫ్ట్‌వేర్ మాత్రం మార్చినా, పవర్ చెప్పుకోదగ్గంత పెరుగుతుంది. కంపెనీ కొంత జాగా వదిలిన మాట వాస్తవం. అది ఎందుకో చూడండి. మే నెలలో హైదరాబాద్ 42 డిగ్రీల్లో ఉంటుంది. ఊరు సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉంది. 15 డిగ్రీల చలి గాలితో పోలిస్తే ఆ వేడి ఒక్కటే గాలి సాంద్రతని ఎనిమిది శాతం పైగా తగ్గిస్తుంది, ఎత్తు ఇంకో ఐదారు శాతం తగ్గిస్తుంది. అంత పలచటి గాలిలో అదే బలం ఇవ్వాలంటే టర్బో ఇంకా వేగంగా తిరగాలి, తిరిగితే గాలి ఇంకా వేడెక్కుతుంది. పల్లె బంకులో పోసిన నాసి పెట్రోలు, ఎనిమిదేళ్ళ పాత ప్లగ్గులు, దుమ్ము పట్టిన ఎయిర్ ఫిల్టర్, ఇవన్నీ కలిసొచ్చిన రోజున కూడా ఇంజిన్ పగలకూడదని వదిలిన జాగా అది. దాన్ని దాచిన పవర్ అనడం అన్యాయం.

ఆ ఇంజిన్ తయారుచేసిన కంపెనీయే నిజంగా పెద్ద టర్బో పెట్టాలనుకున్నప్పుడు ఏం చేసిందో చూస్తే ఈ వాదన పూర్తిగా వీగిపోతుంది. వీఆర్ఎస్‌లో ఉన్న ఇంజిన్ కుటుంబమే ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ ఆర్‌లో, ఆడి ఎస్3లో 300 పీఎస్ ఇచ్చింది. వాటిలో టర్బో పెద్దదే. కానీ టర్బో ఒక్కటీ మార్చి ఊరుకోలేదు. పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్ల బేరింగులు బలపరిచారు. ఎక్కువ వేడిని ఓర్చే మిశ్రమలోహంతో సిలిండర్ హెడ్ పోశారు, ఎగ్జాస్ట్ వాల్వులూ వాటి సీట్లూ మార్చారు. ఆ బలాన్ని నాలుగు చక్రాలకీ పంచారు. 230 నుంచి 300కి వెళ్ళడానికి ఇంజిన్‌ని తయారుచేసిన కంపెనీకే ఇంత పని పడింది. మన గ్యారేజీ శనివారం బండి తీసుకుని, నట్లు విప్పి, పాత హెడ్ మీదే కొత్త టర్బో బిగించి, రెండు ముందు చక్రాలకే 400 ఇస్తానంటుంది. అక్కడ ఇంకో చిక్కు ఉంది. ఈ ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ విడిగా ఉండదు, హెడ్‌లోనే పోత పోసి ఉంటుంది, టర్బో నేరుగా హెడ్‌కే తగులుకుంటుంది. లోపలి పొగ 900 డిగ్రీలు దాటుతుంది. ఆ హెడ్ చుట్టూ తిరిగే కూలెంట్, రేడియేటర్, పైపులు అన్నీ 230కి లెక్కగట్టినవి. అదనపు వేడంతా ఆ వ్యవస్థే మోయాలి.

"మంచి ట్యూనర్ చేతిలో పడితే ఏమీ కాదు" అన్నది ఈ వాదానికి పట్టుకొమ్మ. మంచి ట్యూనర్లు ఉన్నారు, వాళ్ళ పనితనం మీద నాకు గౌరవం ఉంది. కానీ ట్యూనింగ్ ఒక రోజున, ఒక వాతావరణంలో, ట్యాంకులో ఉన్న ఒక రకం పెట్రోలు మీద జరుగుతుంది. కారు ఏళ్ళ తరబడి నడవాలి. ఈ సంగతి ఇప్పుడు మరీ ముఖ్యం, దేశమంతా 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చేసింది. ఇథనాల్ నాకింగ్‌ని, అంటే సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి పేలడాన్ని, అడ్డుకుంటుంది, అది దాని సుగుణం. అయితే అదే గాలికి దాదాపు ఎనిమిది శాతం ఎక్కువ ఇంధనం కావాలి. పెద్ద టర్బో కోసం ఇంజెక్టర్లనూ హై ప్రెషర్ పంపునీ ఇప్పటికే చివరి అంచుదాకా తోలుతున్న బండికి ఆ ఎనిమిది శాతం ఎక్కడినుంచి వస్తుంది? రాకపోతే మిశ్రమం పలచబడుతుంది, సిలిండర్ లోపల వేడి పెరుగుతుంది, నాకింగ్ మొదలవుతుంది. మామూలు బూస్ట్‌లో నాకింగ్ వస్తే సెన్సర్ పసిగట్టి స్పార్క్‌ని వెనక్కి జరిపేలోగా ఇంజిన్ ఓర్చుకుంటుంది. భారీ బూస్ట్‌లో ఓర్చుకోదు. పిస్టన్ అంచున రింగుల మధ్య ఉండే సన్నటి గట్టు విరుగుతుంది. ఆ తర్వాత ఆయిల్ తాగడం, నీలం పొగ, ఇంజిన్ దించడం.

సుబారు ఎస్‌టీఐ వాళ్ళకి ఈ గట్టు విరగడం గురించి చెప్పక్కర్లేదు. అమెరికాలో అమ్మిన ఆ 2.5 లీటర్ల ఇంజిన్‌లో పోత పిస్టన్లు, ఆ గట్లు విరగడం దానికి పేరుమోసిన జబ్బు. కాలిఫోర్నియాలో బంకుల్లో దొరికే ప్రీమియం 91 ఆక్టేన్, చాలా రాష్ట్రాల్లో దొరికే 93 కాదు. ఒకచోట చేసిన ట్యూన్‌ని ఇంకోచోట నమ్ముకుంటే పిస్టన్ నమ్మకద్రోహం చేయదు, దాని స్వభావం ప్రకారం విరుగుతుంది.

"ఫోర్జ్‌డ్ పిస్టన్లు వేయిస్తాం, అప్పుడు సరా?" అని అడుగుతారు. పిస్టన్లు నిలబడతాయి. అప్పుడు డీఎస్‌జీ గేర్‌బాక్స్ క్లచ్చులు జారతాయి. వీఆర్ఎస్ 230 లోని ఆరు గేర్ల డీఎస్‌జీ హద్దు కారు ఇచ్చే టార్క్‌కి ఎంతో దూరంలో లేదు. క్లచ్చులు బలపరిస్తే డ్రైవ్ షాఫ్టులు, ఆ తర్వాత ఇంజిన్ మౌంట్లు, ఆ తర్వాత బ్రేకులు. కిట్ ధర చెప్పేవాడు వీటి ధర చెప్పడు. ఇవన్నీ పక్కాగా చేస్తే ఎలా ఉంటుందో కూడా మనకి తెలుసు, మిత్సుబిషి బ్రిటన్ శాఖ 2004లో చేసి చూపించింది. ఎవో 8 ఎఫ్‌క్యూ-400 అనే ఆ కారు రెండు లీటర్లతో 405 హార్స్‌పవర్ ఇచ్చింది, అదీ వారంటీతో. గరిష్ఠ టార్క్ ఎక్కడ? 5,500 ఆర్‌పీఎం దగ్గర. మామూలు ఎవో 8కి అది 3,500 దగ్గరే వస్తుంది. సర్వీసింగ్ 4,500 మైళ్ళకోసారి, అంటే సుమారు 7,200 కిలోమీటర్లకి. కంపెనీయే పూనుకుని, కావలసినంత డబ్బు పెట్టి, అన్ని భాగాలూ మార్చి చేస్తే వచ్చిన ఫలితమిది. టర్బో జాప్యం మాత్రం పోలేదు. అది డబ్బుతో పోయేది కాదు, భౌతికశాస్త్రం.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇందులో వాదనకి చోటు లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన లెక్కలతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే ఖరారు చేసింది. అదే ఏడు వచ్చిన సవరణతో ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. కిట్‌తో పాటు క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేసి ఖాళీ డౌన్‌పైప్ వేయడం రివాజయింది. ఆ పొగ పీల్చేది వెనక బైకు మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని వెళ్ళేవాళ్ళు. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. మన సరదాకి వాళ్ళ ఊపిరితిత్తులు పూచీ ఉండవలసిన పని లేదు. బీమా కంపెనీకి చెప్పకుండా ఈ మార్పులు చేసిన కారు ప్రమాదంలో పడితే క్లెయిమ్ ఏమవుతుందో కూడా ఇంట్లోవాళ్ళకి ముందే తెలియాలి.

డ్రాగ్ రేసుకే కేటాయించిన కారు సంగతి వేరు. అక్కడ దారి తిన్నగా ఉంటుంది, కాలు తీసే పని లేదు, ఇంజిన్ ఎప్పుడూ పై ఆర్‌పీఎంలోనే ఉంటుంది. పెద్ద టర్బోకి తగిన చోటు అదే. అలాంటి బండిని ట్రక్కు మీద తీసుకెళ్ళి, పరుగు తీయించి, మళ్ళీ ట్రక్కు మీద ఇంటికి తెచ్చుకునేవాళ్ళతో నాకు తగువు లేదు. వాళ్ళ పని నాకు ముచ్చటగా కూడా ఉంటుంది. తగువల్లా ఆఫీసుకీ, పిల్లల బడికీ, సంక్రాంతికి ఊరికీ వెళ్ళే కారుకి అదే మందు రాసిచ్చేవాళ్ళతో. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద గరిష్ఠ వేగం 120. మామూలు వీఆర్ఎస్ వందని ఏడు సెకన్లలోపే అందుకుంటుంది. మిగిలిన 170 హార్స్‌పవర్ ఏ రోడ్డు మీద ఖర్చు పెడతారో చెప్పమనండి.

అంత డబ్బు ఉంటే పెట్టడానికి చోట్లున్నాయి. ముందు మంచి టైర్లు, తర్వాత బ్రేక్ ప్యాడ్లు, ద్రవం. కొంచెం పెద్ద ఇంటర్‌కూలర్ ఎండాకాలంలో చాలా మేలు చేస్తుంది, లోపలికి వెళ్ళే గాలి చల్లబడితే ఉన్న టర్బోయే హాయిగా పనిచేస్తుంది. అన్నిటికంటే విలువైనది చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ మీదో, కోయంబత్తూరు కరి స్పీడ్‌వే మీదో శిక్షకుడి పక్కన కూర్చుని నేర్చుకునే రోజు. ఇన్ని విన్నాక కూడా కిట్ వేయించాలనే ఉంటే గ్యారేజీకి వెళ్ళి మూడు అడగండి. ఇదే ఊళ్ళో, ఇదే కారు, కిట్ వేయకముందు తీసిన గీతా వేశాక తీసిన గీతా ఒకే కాగితం మీద, రెండు వేల ఆర్‌పీఎం నుంచి చూపించమనండి. మే నెల మధ్యాహ్నం వరుసగా నాలుగైదు సార్లు పరుగు తీయించి, చివరి పరుగులో ఇంజిన్‌లోకి వెళ్ళే గాలి ఎంత వేడిగా ఉందో, స్పార్క్ ఎన్ని డిగ్రీలు వెనక్కి జరిగిందో రికార్డు తీసి ఇవ్వమనండి. ఆ ఇంజిన్‌కి ఏమైనా అయితే ఎవరు బాధ్యులో రాసి సంతకం పెట్టమనండి. మూడూ చేతికి వచ్చేదాకా అడ్వాన్స్ కట్టకండి.